మాంటెలుకాస్ట్ రాసేటప్పుడు నిద్ర గురించీ అడగండి

ఎడిటర్ గారికి,

జలుబు, దగ్గు అంటే చాలు, పిల్లల మందుల్లో మాంటెలుకాస్ట్, లెవోసెటిరిజిన్ అనే అలర్జీ మందులు కలిసిన సిరపో మాత్రో ఉంటోంది. నాలుగు రోజులకు తుమ్ములు తగ్గుతాయి. అర్ధరాత్రి పిల్లాడు ఉలిక్కిపడి లేచి ఏడిస్తే దిష్టి తీస్తారు గానీ మందును అనుమానించరు.

పీడకలలు, నిద్రలో నడక, చిరాకు, దిగులు, ఆత్మహత్య ఆలోచనలు మాంటెలుకాస్ట్‌తో రావచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020 మార్చిలో తన అత్యంత తీవ్రస్థాయి హెచ్చరిక జోడించింది. ముక్కు అలర్జీకైతే వేరే మందులు పనిచేయనప్పుడే వాడమంది. అందరికీ ఇలా జరగదు, ఆస్తమాలో దీని ఉపయోగమూ ఉంది. కాబట్టి భయం అక్కర్లేదు, కనిపెట్టుకుని ఉండాలి.

మొదలుపెట్టే ముందే పిల్లల నిద్ర, స్వభావం ఎలా ఉన్నాయో డాక్టర్ అడిగి చీటీ మీద రాయాలి. లేకపోతే తర్వాత వచ్చిన మార్పును దేనితో పోల్చుతారు? ఇంట్లో క్యాలెండర్‌పై మొదటి డోసు తేదీ రాసి, రోజూ నిద్ర, కోపం గురించి ఒక్క ముక్క రాస్తే సరిపోతుంది. మాటలు రాని, ఆటిజం ఉన్న పిల్లలు కల వచ్చిందని చెప్పలేరు. పడుకోనని మొండికేయడం, తల కొట్టుకోవడం కొత్తగా మొదలైతే అదే సూచన కావచ్చు.

మార్పు కనిపిస్తే మందు ఆపి, అదే రోజు డాక్టర్‌కు చెప్పండి. ఆస్తమాకు వాడే ఇన్‌హేలర్ మాత్రం ఆపొద్దు. కొందరిలో లక్షణాలు మందు మానేశాక కూడా ఉంటాయి, కొన్ని వారాలు గమనించాలి. చనిపోతానంటే ఒంటరిగా వదలకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. మందు దుష్ప్రభావాన్ని వాటి నమోదుకు ఉన్న హెల్ప్‌లైన్ 1800-180-3024కు ఎవరైనా తెలపవచ్చు.

– ఒక ఫార్మసిస్టు, వరంగల్