పెట్రోల్ ఆవిరి లీకుకు పరీక్ష ఏదీ?

సంపాదకుడి గారికి,

నమస్కారం. పాత కార్ల కాలుష్యం అనగానే అందరి చూపూ సైలెన్సర్ మీదికే పోతుంది. పొగ పరీక్షలో గొట్టం పెట్టేదీ అక్కడే. నా పాత కారు ఆ పరీక్షలో దర్జాగా పాసైంది. అదే వారం ఒక రాత్రి, ఇంజన్ ఆపి చాలాసేపయ్యాక, వెనక చక్రం పక్కనుంచి నడుస్తుంటే గుప్పున పెట్రోల్ వాసన కొట్టింది. ఆగి ఉన్న బండి నుంచి పోయే ఈ ఆవిరి ఎవరి లెక్కలోకీ రావడం లేదు. నా ఫిర్యాదు అదే.

ట్యాంకులో పెట్రోల్ బండి నడిచినా నడవకపోయినా ఆవిరవుతూనే ఉంటుంది. అది బయటికి పోకుండా బొగ్గు గుళికలు నింపిన డబ్బా ఒకటి అమరుస్తారు. మెకానిక్‌లు క్యానిస్టర్ అంటారు. ఆవిరిని అది పీల్చి దాచుకుంటుంది. ఇంజన్ నడిచేటప్పుడు పర్జ్ వాల్వ్ తెరుచుకుంటే ఆ ఆవిరి ఇంజన్‌లోకి వెళ్లి కాలిపోతుంది. అమెరికాలో 1970ల మొదట్లోనే ఈ ఏర్పాటు తప్పనిసరైంది. 1990ల చివరికల్లా అక్కడి కార్ల కంప్యూటర్లు ఒక మిల్లీమీటరు రంధ్రాన్ని, ఆ తర్వాతి కార్లవి అందులో సగం ఉన్న రంధ్రాన్ని కూడా పసిగట్టేలా చేశారు. ఇంత పట్టుదల ఊరికే కాదు. పెట్రోల్ ఆవిరిలో క్యాన్సర్ తెచ్చే బెంజీన్ ఉంటుంది. ఎండలో ఆ ఆవిరి, వాహనాల పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్‌లు కలిస్తే నేలమట్టంలో ఓజోన్ తయారవుతుంది.

ఇక నా కథ. చెక్ ఇంజన్ లైటు వెలిగింది. స్కానర్‌లో పీ0442 కోడ్ వచ్చింది, అంటే చిన్న లీకు. లీకు ఉందనే ఆ కోడ్ చెబుతుంది గానీ ఎక్కడుందో చెప్పదు. షెడ్డులో ట్యాంకు మూత మార్చి, కోడ్ చెరిపేసి పంపారు. లైటు ఆరింది కదా అని నేనూ సంబరపడ్డాను. కారు తనను తాను పరీక్షించుకోవాలంటే ఇంజన్ కొన్ని గంటలు చల్లబడి ఉండాలి, ట్యాంకు మరీ నిండుగానూ మరీ ఖాళీగానూ ఉండకూడదు. ఆ కుదురు దొరికేసరికి తొమ్మిది రోజులు పట్టింది. లైటు మళ్లీ వెలిగింది. ఈసారి పర్జ్ వాల్వ్ మార్చారు. మూడోసారి వెళ్తే క్యానిస్టర్ మార్చాలన్నారు. లీకు చూపించండి, మారుద్దాం అన్నాను. చూపించలేకపోయారు.

వేరే షెడ్డులో పెద్దాయన ముందు ఒక ప్రశ్న వేశాడు: "ట్యాంకు నింపించాక స్టార్టవడానికి మొండికేస్తోందాండీ?" పాత వాల్వ్‌తోనూ ఎప్పుడూ అలా కాలేదని చెప్పాను. పర్జ్ వాల్వ్ మూసుకోకుండా ఉండిపోతే అలాగే ఇబ్బంది పెడుతుందట. డిక్కీలో ఉన్న నా పాత వాల్వ్ తెప్పించి నోటితో ఊది చూశాడు. కరెంటు ఇవ్వనప్పుడు అది మూసి ఉండాలి, గాలి పోకూడదు. పోలేదు. అంటే మంచి వాల్వే మార్చేశారు. తర్వాత క్యానిస్టర్‌కు బయటి గాలి అందే వెంట్ వాల్వ్ మూయించి, స్మోక్ మిషన్ నుంచి నైట్రోజన్‌తో పొగ పంపాడు. ఒత్తిడి ఒక పీఎస్‌ఐ కూడా లేదు. (టైర్లకు గాలి కొట్టే కంప్రెసర్ ఎవరూ పెట్టకండి. ట్యాంకే పగలొచ్చు, నిప్పు ప్రమాదం సరేసరి.) లైట్లు ఆర్పి, చక్రం లోపలి ప్లాస్టిక్ గార్డు విప్పి టార్చి వేశాడు. పెట్రోల్ పోసే గొట్టం మీద మట్టి పేరుకున్న చోట, తుప్పు పొక్కులోంచి సన్నటి దారంలా పొగ లేచింది. సూదిమొన పట్టేంత రంధ్రం. గొట్టం మార్చాక వాసనా లేదు, లైటూ లేదు.

రవాణా అధికారులను నేను కోరేది పెద్దదేమీ కాదు. ఇప్పుడు జరిగే పొగ పరీక్షలోనే పాత పెట్రోల్ కార్లకు ట్యాంకు మూత బిగువు పరీక్ష, ఆ పెద్దాయన చేసినట్టు లీకు పట్టే స్మోక్ టెస్టు కూడా చేర్చాలి. స్మోక్ మిషన్ ప్రతి చిన్న షెడ్డూ కొనలేదు, వాళ్లను తప్పుపట్టి లాభం లేదు. అందుకే అది పరీక్షా కేంద్రంలో ఉండాలి. లీకు ఎక్కడుందో అక్కడే రాసిస్తే మెకానిక్ గుడ్డిగా వెతకక్కర్లేదు. లీకు చూపించకుండా పార్టు మార్చకూడదని, మార్చిన పార్టు కారు యజమానికి తిరిగి ఇవ్వాలని నిబంధన కూడా పెట్టాలి.

పెట్రోల్ బంకులకూ ఒక మాట చెప్పాలి. పంపు టక్కున ఆగాక ఇంకాస్త, ఇంకాస్త అని కొట్టకూడదు. పొంగిన పెట్రోల్ క్యానిస్టర్‌లోకి వెళ్తే అందులోని బొగ్గు పాడవుతుంది. ఇందులో నా తప్పూ ఉంది, ఏళ్ల తరబడి నేనే అడిగి మరీ కొట్టించుకున్నాను. ఆ హెచ్చరిక ప్రతి పంపు మీదా పెద్ద అక్షరాలతో రాయించాలి.

ఇట్లు,
పాత కారు నడిపే ఒక పాఠకుడు