క్యాజువాల్టీలో పాత నర్సులు ఏరి?

సంపాదకులు గారికి నమస్కారం అండి.

తెలుగు సీరియళ్ళ సాగదీత మీద మీ ఆదివారం పేజీల్లో వచ్చిన వ్యాసం మా చెల్లెలు వాట్సాప్‌లో పంపితే చదివాను, చదువుతూ నవ్వుకున్నాను కూడా, ఒక్క తాళి కట్టడానికి మూడు వారాలు పట్టిందంటే నవ్వక ఏం చేస్తాం. కానీ చివర్లో ఒక మాట మాత్రం నాకు మింగుడుపడలేదు, విదేశాల్లో అయితే పది ఎపిసోడ్లు తీసి శుభ్రంగా ముగిస్తారు, ఈ జబ్బు మనవాళ్ళకే అని రాసారు. అది తప్పండి. నేను ఇరవై ఏళ్ళు దాటి బ్రిటన్‌లో నర్సుగా చేస్తున్నాను, ఇప్పుడు ఉంటున్నది వేల్స్‌లోని కార్డిఫ్‌లో, ఇదే ఊళ్ళో రోత్ లాక్ అనే స్టూడియోలో బీబీసీ వాళ్ళ హాస్పిటల్ సీరియల్ ఒకటి తీస్తారు, దాని పేరు క్యాజువాల్టీ, 1986 సెప్టెంబరు 6న మొదలైంది, అంటే 2026 సెప్టెంబరుకి నలభై ఏళ్ళు. మన సీరియళ్ళలో నలభై ఏళ్ళు నడిచింది ఒక్కటి చెప్పండి చూద్దాం.

ఇంకో తమాషా ఏంటంటే ఆ పేరు ఇక్కడి హాస్పిటళ్ళలో ఇప్పుడు ఎవరూ పెద్దగా వాడరు, బోర్డుల మీద ఏ అండ్ ఈ (యాక్సిడెంట్ అండ్ ఎమర్జెన్సీ) అనో ఎమర్జెన్సీ అనో ఉంటుంది. క్యాజువాల్టీ అనే మాట మన పెద్దాసుపత్రుల్లోనే ఇంకా బతికుంది. మా అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు శనివారం రాత్రి టీవీలో ఆ టైటిల్ చదివి "ఇదేంటే, మన గుంటూరు ఆస్పత్రి మాట వీళ్ళక్కూడా తెలుసా" అంది. ఇంగ్లీషు సగం కూడా అర్థం కాకపోయినా ప్రతి శనివారం చూసేది, పేషెంటు ఎవరో, ఏ డాక్టరు మనసులో ఏముందో ముందే చెప్పేసేది, చాలాసార్లు కరెక్టే అయ్యేది కూడా.

అమ్మకి బాగా నచ్చింది చార్లీ. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, చార్లీ ఫెయిర్‌హెడ్ అనేది మేల్ నర్సు పాత్ర, డెరెక్ థాంప్సన్ అనే ఆయన మొట్టమొదటి ఎపిసోడ్ నుంచి వేసారు. బ్రిస్టల్ రాయల్ ఇన్‌ఫర్మరీలో నిజంగా పనిచేసిన ఒక నర్సుని చూసి ఆ పాత్ర రాసారట. డాక్టర్లు వచ్చారు, పోయారు, పెళ్ళిళ్ళు చేసుకున్నారు, చచ్చిపోయారు, చార్లీ మాత్రం అక్కడే ఉన్నాడు, జుట్టు మొత్తం తెల్లబడిపోయింది. 2017లో బీబీసీ జీతాల లిస్టు బయటపెట్టినప్పుడు నటుల్లో అందరికన్నా పైన ఉన్నది ఈయన పేరే, 3,50,000 నుంచి 4,00,000 పౌండ్ల మధ్య, మా వార్డులో ఆ రోజు అందరం అదే మాట్లాడుకున్నాం, నర్సు వేషానికి ఉన్న జీతం నర్సు పనికి ఉంటే ఎంత బాగుండేదో అని. 2024 మార్చిలో ఆయన తనంతట తానే తప్పుకున్నాడు. ముప్పై ఏడేళ్ళు దాటి చేసాడు పాపం, పంపించడం కూడా మర్యాదగానే పంపించారు, దానికి నేనేం అనను.

నా గొడవ ఆయన వెళ్ళడం గురించి కాదు, ఆయన వెళ్ళిన రోజుల్లోనే సీరియల్ తీసే పద్ధతి మారిపోయింది, దాని గురించి. ఇదివరకు ఏడాదిలో నలభై వారాల పైనే వచ్చేది. ఇప్పుడు ఓ డజను ఎపిసోడ్లు ఒక కథగా తీసి, దానికో పేరు పెట్టి, ప్రసారం చేసి, ఆపేసి, కొన్ని నెలల తర్వాత ఇంకో డజను. బాక్స్ సెట్ అంటున్నారు. ప్రతిసారీ ఒకరో ఇద్దరో కొత్త ముఖాలు పెద్ద పాత్రల్లో దిగుతారు, ఒకసారి కొత్త క్లినికల్ లీడ్ (అంటే ఆ విభాగానికి పెద్ద డాక్టరు), ఇంకోసారి కొత్త నర్స్ మేనేజర్, కథంతా వాళ్ళ చుట్టూ తిరుగుతుంది, మనకి వాళ్ళ పేరు నోటికొచ్చేసరికి ఆ కథ అయిపోతుంది. డాక్టర్ డిలన్ లాంటి పాత పాత్రలు కొన్ని ఉన్నాయి, లేరనను. కథనం కూడా బిగువుగా ఉంటుంది, ఒప్పుకుంటాను, పాత పద్ధతిలో మరీ విడ్డూరాలు ఉండేవి, ఒక్క హాస్పిటల్ మీద అన్ని ప్రమాదాలేంటండీ, 2016లో ముప్పై ఏళ్ళ పండగ ఎపిసోడ్‌కి ఏకంగా హెలికాప్టర్‌నే తెచ్చి కూల్చారు, ఆ రాత్రి డ్యూటీ చేసొచ్చి చూసిన నాకు ఏడవాలో నవ్వాలో తెలీలేదు.

అయినా నాకు పాతదే నచ్చుతుంది, ఎందుకో మీకు నర్సుగా చెప్తాను. మా దగ్గర ఏజెన్సీ షిఫ్టులు, బ్యాంక్ షిఫ్టులు అని ఉంటాయి, స్టాఫ్ తక్కువైన రోజు వార్డు బయట నుంచి ఎవరినో పిలుస్తారు. వచ్చే అమ్మాయి మంచిదే, చదువుకున్నదే, పని తెలిసినదే, కానీ స్టోర్ రూమ్‌లో కాన్యులాలు (సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే సన్న గొట్టాలు) ఏ అరలో ఉంటాయో తెలీదు, ఆరో నంబరు బెడ్ ముసలాయన నొప్పి ఉన్నా లేదంటాడని తెలీదు, ఏ రిజిస్ట్రార్‌ని, అంటే సీనియర్ డ్యూటీ డాక్టర్ని, రాత్రి రెండింటికి లేపొచ్చో ఎవరిని లేపితే తిడతాడో తెలీదు. అది పదేళ్ళు ఉన్న సిస్టర్‌కే తెలుస్తుంది. ఒక వార్డు మొత్తం ఏజెన్సీ వాళ్ళతో నడిచిన రాత్రి నేను చూసాను, ఎవరూ చావలేదు, తప్పులూ పెద్దగా జరగలేదు, కానీ తెల్లారేసరికి ఒక్క పేషెంటు కూడా ఎవరితోనూ మనసు విప్పి మాట్లాడలేదు. ఇప్పటి క్యాజువాల్టీ నాకు అలా అనిపిస్తోంది. మొదటి ఎపిసోడ్‌లోనే నర్సుగా ఉన్న డఫీ, 2020లో డిమెన్షియాతో (మతిమరుపు జబ్బు) దారి తప్పి చనిపోతే నేను ఇంట్లో వెక్కి వెక్కి ఏడ్చాను, ఆ ఏడుపు పన్నెండు ఎపిసోడ్లతో వచ్చేది కాదండి, ముప్పై నాలుగేళ్ళ క్రితం నుంచి ఆమె ఆ కారిడార్లలో నడుస్తూ ఉంటేనే వస్తుంది.

ఇది టీవీ ముచ్చటే కదా, ఎడిటర్‌కి ఉత్తరం దేనికి అనుకోవచ్చు. ఇక్కడ టీవీ ప్రసారాలు లైవ్‌గా చూసేవాళ్ళు లైసెన్స్ ఫీజు కట్టాలి, 2025 ఏప్రిల్‌లో అది ఏడాదికి 174.50 పౌండ్లు అయింది, మేమూ కడుతున్నాం, కాబట్టి ఇది మా డబ్బు సంగతి కూడా. ఆ డబ్బుతో బీబీసీ నడిపిన డాక్టర్ల, నర్సుల సీరియళ్ళు ఒకప్పుడు మూడు. క్యాజువాల్టీ నుంచే పుట్టిన హోల్బీ సిటీ 1999 జనవరిలో మొదలై 2022 మార్చి 29న ఆగిపోయింది, దాన్ని లండన్ పక్కన ఎల్‌స్ట్రీలో తీసేవారు, డ్రామాలు దేశంలో మిగతా ప్రాంతాలకి కూడా పంచాలి అని కారణం చెప్పారు. సరే, పంచండి, మంచిదే. ఆ లెక్కన బర్మింగ్‌హామ్‌లో తీసే మూడో సీరియల్, డాక్టర్స్, నిలబడాలి కదా? 2000లో మొదలై 4,500 ఎపిసోడ్లు దాటిన ఆ సీరియల్‌ని కూడా 2024 నవంబరులో ఆపేసారు, ఖర్చులు పెరిగాయి, స్టూడియో బిల్డింగ్ బాగుచేయడమో మార్చడమో చేయాలి, అంత డబ్బు పెట్టలేం అన్నారు. లండన్ పక్కన ఉంటే అక్కడున్నందుకు మూసారు, బర్మింగ్‌హామ్‌లో ఉంటే బిల్డింగ్ పాతదైనందుకు మూసారు. ఎటు నుంచి చూసినా పోయేది రోజూ పని ఉన్న సీరియలే.

ఈ డాక్టర్స్‌ని తక్కువగా చూడొద్దండి. మధ్యాహ్నం పూట వచ్చేది, పేరున్న క్రిటిక్స్ ఎవరూ చూసేవాళ్ళు కాదు, కానీ తర్వాత పెద్ద స్టార్లయిన ఎడ్డీ రెడ్‌మేన్, ఎమిలియా క్లార్క్, ఫీబీ వాలర్-బ్రిడ్జ్ లాంటి వాళ్ళు కెరీర్ మొదట్లో వేషం వేసింది అందులో. క్యాజువాల్టీలో అయితే టైటానిక్ హీరోయిన్ కేట్ విన్‌స్లెట్ ఊరూ పేరూ లేని రోజుల్లో 1993లో ఒక ఎపిసోడ్ చేసింది. వారం వారం కొత్త పేషెంటు కావాలి కాబట్టి వారం వారం కొత్త నటులకి పని దొరికేది, కొత్త రైటర్లకి, డైరెక్టర్లకి కూడా. కొత్తవాళ్ళని బతికించే చోట్లు అవి, మా భాషలో చెప్పాలంటే ట్రెయినింగ్ వార్డులు. ట్రెయినింగ్ వార్డు మూస్తే ఆ ఏడాది పొదుపే కనిపిస్తుంది, నర్సు దొరకలేదన్న గోల ఐదేళ్ళ తర్వాత మొదలవుతుంది.

షూటింగ్ ఊరు మారినప్పుడు కూడా ఇలాగే అయిందట. క్యాజువాల్టీ మొదటి పాతికేళ్ళు బ్రిస్టల్‌లో తీసి 2011లో కార్డిఫ్‌కి తెచ్చారు, వేల్స్‌లో పని పెరిగింది, మా వీధి చివర కేఫ్‌లో సెట్ పనివాళ్ళు టీ తాగుతూ కనిపిస్తారు, కానీ బ్రిస్టల్‌లో ఉండే నా మలయాళీ ఫ్రెండ్ వాళ్ళ పక్కింటాయన అందులో వడ్రంగి పని చేసేవాడు, ఆయన్ని అడిగితే ఇంకో కథ చెప్తాడు.

ఒకటి మాత్రం వాళ్ళని మెచ్చుకోవాలి. 2020లో కోవిడ్ వచ్చి వెంటిలేటర్లు చాలక అల్లాడుతున్నప్పుడు, హోల్బీ సిటీ సెట్ మీద ఉన్న పనిచేసే వెంటిలేటర్లని కోవిడ్ కోసం అప్పటికప్పుడు పెట్టిన లండన్ నైటింగేల్ హాస్పిటల్‌కి ఇచ్చేసారు. బొమ్మ హాస్పిటల్ నుంచి అసలు హాస్పిటల్‌కి సామాను రావడం అప్పుడే విన్నాను.

మళ్ళీ మీ వ్యాసం దగ్గరికొస్తాను. మన సీరియళ్ళకి సాగదీత ఉంది, కాదనను, పైగా మధ్యలో హీరోయిన్ని మార్చి "ఇక నుంచి ఈ పాత్రలో" అని స్క్రోలింగ్ వేసేస్తారు, ఇక్కడ మామూలుగా మనిషి వెళ్తే పాత్ర కూడా వెళ్తుంది, ఆ ఖాళీ అందరికీ కనపడుతుంది, ఆ ఒక్క మర్యాద వీళ్ళ దగ్గర నేర్చుకోవచ్చు. కానీ పది ఎపిసోడ్లకి కుదించేయండి అని సలహా ఇచ్చే ముందు, హైదరాబాద్‌లో రోజుకింత అని తీసుకుని ఈ సీరియళ్ళకి లైట్లు మోసేవాళ్ళు, మేకప్ వేసేవాళ్ళు, పక్కింటి అత్త వేషాలతో ఇల్లు గడుపుకునే ఆడవాళ్ళు ఎంతమంది ఉన్నారో, సీరియల్ సడెన్‌గా ఆపేస్తే మర్నాడు వాళ్ళు ఏం చేస్తారో మీ రిపోర్టర్ ఎవరైనా కనుక్కుని రాస్తే చదవాలని ఉంది. మా పిన్ని కూతురు ఒకామె అలాంటి వేషాలే వేస్తుంది, పోయిన సంక్రాంతికి ఫోన్ చేస్తే "మా సీరియల్ క్లోజ్ అక్కా, శుక్రవారం చెప్పారు, సోమవారం నుంచి రావద్దన్నారు" అంది. ఆమెకి ఇంకా పని దొరకలేదు.

ఇట్లు,
కార్డిఫ్ నుంచి మీ పాఠకురాలు
(సొంతూరు తెనాలి)