పాత ట్రాక్టర్‌కు ఏ ఆయిల్ పోయాలి?
అందరికీ నమస్కారం. నెలల తరబడి షెడ్డులోనే ఉండే పాత డీజిల్ ట్రాక్టర్‌కు ఏ ఇంజిన్ ఆయిల్ పోయాలని ఇద్దరు ముగ్గురు అడిగారు. ముందు మాన్యువల్ చూడండి. అందులో వేరే గ్రేడ్ (ఆయిల్ చిక్కదనాన్ని చెప్పే నంబరు) చెప్పకపోతే 15డబ్ల్యూ-40 డీజిల్ ఇంజిన్ ఆయిల్ చాలా బళ్లకు సరిపోతుంది. ఖరీదైన సింథటిక్ అక్కర్లేదనే నా అభిప్రాయం.

అసలు ఇబ్బంది తేమతోనే. ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తే ఇంజిన్ సరిగ్గా వేడెక్కదు, లోపలి నీటి ఆవిరి బయటికి పోక ఆయిల్‌లో కలుస్తుంది. నిన్న మా ట్రాక్టర్ ఆయిల్ మూత తీస్తే దాని లోపలి వైపు మీగడలా తెల్లటి జిగురు! డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) మీద ఆయిల్ బాగానే ఉంది కాబట్టి ఊపిరి పీల్చుకున్నాను. అక్కడా పాలు కలిసినట్టుంటే మాత్రం స్టార్ట్ చేయకండి, కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) లీకవుతోందేమో మెకానిక్‌కు చూపించండి. మామూలుగా ఎప్పుడు స్టార్ట్ చేసినా అరగంటైనా పని మీద నడపండి.

ఆయిల్ మార్చడానికి మాన్యువల్‌లో చెప్పినన్ని గంటలు బండి నడవకపోయినా ఏడాదికోసారి ఆయిల్, ఫిల్టర్ మార్చాలి. బండిని పక్కన పెట్టే ముందే మార్చండి, వాడిన ఆయిల్‌లోని ఆమ్లాలు బేరింగులను తినేస్తాయి. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు దించితే మడ్డి కూడా దిగుతుంది. చేతులు జాగ్రత్త. దించిన ఆయిల్ దయచేసి కాలువలో పోయకండి.