శనివారం సాయంత్రం రండి సార్

కార్మికుల ఆరోగ్యం చూసే ఆఫీసర్ గారికి,

బెంగళూరు పీణ్యా పారిశ్రామికవాడ నుంచి నమస్కారాలు. మూడు అర్జీలూ కన్నడలోనే ఇచ్చాను సార్, పక్కింటి మేష్టారిని బతిమాలి రాయించుకుని. జవాబు లేదు. ఈ నాలుగోది నా తెలుగులో రాస్తున్నాను. చదవనప్పుడు ఏ భాషైతే ఏం?

విషయం మీకు తెలిసిందే, ఆ మూత్ర పరీక్షల క్యాంపు. లోహపు సామానుకు క్రోమియం పూత వేసే క్రోమ్ ప్లేటింగ్ తొట్టి దగ్గర 14 ఏళ్లుగా నిలబడుతున్నవాణ్ణి, క్యాంపు అనగానే అందరికంటే ముందు సంతోషపడ్డాను. తీరా మీవాళ్లు వచ్చింది సోమవారం పొద్దున, ఇంకా షిఫ్ట్ ఎక్కకముందు. ఆదివారమంతా ఇంట్లో పడుకుని వచ్చాం కదా సార్. ఒంట్లోకి పోయిన క్రోమియంలో చాలా భాగం ఒకటి రెండు రోజుల్లోనే మూత్రంలో వెళ్లిపోతుందట. అందుకే వారం చివర, షిఫ్ట్ దిగాక పట్టాలట. ల్యాబ్‌లో పనిచేసే మా అక్క కొడుకు చెప్పాడు. వాడికి తెలిసింది మీ డాక్టర్లకు తెలియదని నేననను. కానీ సంత ఎత్తేశాక వచ్చి సరుకేదీ అని అడిగినట్టుంది మీ పరీక్ష.

పైగా, మూత్రం రానివాళ్లకు తలా లీటరు నీళ్లు తాగించారు! అంత పల్చనైతే క్రోమియం అంకె తగ్గి కనపడదా? మూత్రం ఎంత పల్చనో చెప్పే క్రియాటినిన్ అనేదాన్ని చూసి లెక్క సరిచేస్తారట. సరిచేశారో లేదో మాకెలా తెలుస్తుంది? నాలుగు నెలలకు ఓనర్ గోడకు అంటించిన కాగితంలో పేరు, ఎదురుగా 'నార్మల్' తప్ప ఒక్క అంకె లేదు. పక్క షెడ్డులో పాత బ్యాటరీల సీసం కరిగించేవాళ్లూ నార్మలే. వాళ్ల దగ్గరా మూత్రమే పట్టారు. సీసానికి చూడాల్సింది రక్తం కదా సార్.

నా కుడిచేతి మీద మూడు పుండ్లున్నాయి, గుండ్రంగా, లోతుగా, గుంట పడినట్టు. క్యాంపు డాక్టరు గారు చూశారు. చూసి ఆయింట్‌మెంట్ ఇచ్చారు. క్రోమ్ పుండ్లు పాత ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూల్లోనే, అంటే పైకి తెలపాల్సిన జబ్బుల జాబితాలోనే, ఉండేవి; డాక్టరు చూస్తే పైకి రాసి పంపాలి. రాశారా? మా ఆరోగ్య రికార్డులు మేము చూసుకోవచ్చని 1987లోనే ఆ చట్టంలో 41సి అనే సెక్షన్ చేర్చారు. నా అంకె అడిగితే సూపర్‌వైజర్, "నీకెందుకయ్యా, నార్మలే కదా" అన్నాడు. నార్మలైతే చూపించడానికి టెన్షన్ ఎందుకు?

దయచేసి మళ్లీ పరీక్ష పెట్టండి. నా అంకె నాకివ్వండి. సీసం వాళ్లకు రక్తం తీయండి. మళ్లీ చెబుతున్నాను, అంకె నా చేతికివ్వండి, గోడకు కాదు.

శనివారం సాయంత్రం 6 గంటలకు షిఫ్ట్ దిగుతాం. షెడ్డు దుమ్ము మూత్రంలో పడిందన్న సాకు మీకు లేకుండా చేతులు కడుక్కుని, బట్టలు మార్చుకుని నిలబడతాం. సీసాలు మీరు తెండి సార్, మిగతాది మా దగ్గర ఉంది.

ఇట్లు,
తొట్టి దగ్గరి మనిషి