వార్షిక నివేదిక: ఈ ఏడాది మన సంఘం చేసిన పని

అధ్యక్షులకు, పెద్దలకు, తోటి గ్రంథపాలకులకు నమస్కారం.

నెలవారీ సమావేశాలు, నవంబరు 14 నుంచి గ్రంథాలయ వారోత్సవాలు ఎప్పటిలాగే జరిపాం. గర్వంగా చెప్పుకోవలసింది ఆగస్టు 12న, మన దేశ గ్రంథాలయ శాస్త్ర పితామహులు రంగనాథన్ గారి జయంతి నాడు, భీమవరంలో పెట్టిన పరిశోధన డేటా శిబిరం గురించి.

మన పిల్లల థీసిస్‌లు దేశంలోని పరిశోధన గ్రంథాలను ఆన్‌లైన్‌లో ఉంచే శోధ్‌గంగలో చేరుతున్నాయి. వాటికి ఆధారమైన కొలతలు మాత్రం పెన్‌డ్రైవ్‌లలోనే పోతున్నాయి. రొయ్యల చెరువుల మీద పనిచేస్తున్న ఒక విద్యార్థిని రెండేళ్ల ఎక్సెల్ షీటు తెరిచింది. ఒక కాలమ్ పైన 'టి' అని మాత్రమే ఉంది. టెంపరేచరా, నీళ్ల మసకను చెప్పే టర్బిడిటీయా? ఆ అమ్మాయికే వెంటనే గుర్తు రాలేదు. నోటుబుక్కులు తిరగేసి ప్రతి కాలమ్‌కూ పూర్తి పేరు, కొలమానం, నీళ్లు తీసిన వేళ రాయించాం. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ బాగా తగ్గి, మధ్యాహ్నానికి పెరుగుతుంది కదా, వేళ లేని అంకెతో ఇంకొకరు ఏం చేసుకోగలరు? ఇవన్నీ డేటాతో పాటు ఉంచే వివరణ పత్రం, అంటే ఒక రీడ్‌మీ ఫైలులో పెట్టి, రైతుల పేర్లు, సర్వే నంబర్లు తీసేసి, షీటును ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా తెరుచుకునే సాదా ఫైలుగా, అంటే సీఎస్‌వీగా మార్చాం. మూడు కాపీలు, అందులో ఒకటి వేరే ఊళ్లో. గోదావరి వరద చూసినవాళ్లకు అది ఎందుకో చెప్పక్కర్లేదు. చివరికి యూరప్ అణు పరిశోధన సంస్థ సెర్న్ వాళ్లు 2013 నుంచి ఉచితంగా నడుపుతున్న ఆన్‌లైన్ డేటా భాండాగారం జెనోడోలో ఎక్కించాం. సాయంత్రానికి ఆ డేటాకు డీఓఐ, అంటే శాశ్వత గుర్తింపు సంఖ్య వచ్చింది. ఆ అమ్మాయి ఇంటికి ఫోన్ చేసి చెప్తుంటే మా అందరికీ కళ్లు చెమర్చాయి.

ల్యాబ్ ఇచ్చిన ప్రిన్సిపాల్ గారికి, సెలవు రోజైనా వచ్చి నెట్ చూసుకున్న టెక్నీషియన్‌కు, పులిహోర, పెరుగన్నం వండి పంపిన సభ్యుల ఇళ్లవాళ్లకు, తణుకు నుంచి ప్రొజెక్టర్ మోసుకొచ్చిన తమ్ముడికి, బ్యానర్ డబ్బులు తీసుకోని ప్రెస్సు వారికి పేరుపేరునా కృతజ్ఞతలు.

బాధ కలిగించిన సంగతులూ చెప్పాలి. ప్రారంభిస్తామన్న అధికారి రాలేదు, కబురు కూడా పంపలేదు. పిల్లలు గంటన్నర ఎదురుచూశారు. డేటా ఉపసంఘానికి పేర్లిచ్చిన తొమ్మిది మందిలో చివరిదాకా నిలిచింది ఇద్దరే. ప్రతి కాలేజీలో పరిశోధన మొదలయ్యే ముందే, డేటాను ఎలా సేకరించి, దాచి, పంచాలో చెప్పే డేటా ప్లాన్ రాయించమని యాజమాన్యాలకు రాసిన ఉత్తరాలకు జవాబు లేదు. డేటా దొరకాలి, అందాలి, ఇతర డేటాతో కలవాలి, మళ్లీ పనికిరావాలి అనే ఫెయిర్ సూత్రాలు 2016లోనే వచ్చాయి. ఇంకా ఎన్నాళ్లు ఆగుతాం?

జమాఖర్చుల పత్రం కోశాధికారి గారు పంచారు, ఆడిట్ అయింది. చందా బాకీలున్నవారు ఈరోజే కట్టాలి.

వచ్చే శిబిరం నరసాపురం వైపు, వరి మీద పనిచేసే వాళ్ల కోసం. రిజిస్టరు బల్ల మీద ఉంది. రాగలిగినవారే పేరు రాయండి.

ఇట్లు,
కార్యదర్శి