లైటు ఆరిపోతే సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

పాత కారు కొనేవారికి మీ వాహనాల పేజీలో ఇచ్చిన సూచనలు చదివాను. టైర్లు, బ్రేకులు, తుప్పు, కాగితాలు అన్నీ రాశారు. డీజిల్ కారు పొగ గొట్టం వైపు, అందులో మసిని పట్టే ఫిల్టరు వైపు మాత్రం ఎవరూ తొంగి చూసినట్టు లేదు. కొన్నేళ్లుగా వస్తున్న డీజిల్ కార్లలో కొన్నవాడి జేబుకు చిల్లు పడేది ఎక్కువగా అక్కడే. ఆ లోటు పూడుతుందని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను ఎలక్ట్రీషియన్‌ని. సామాను వేసుకుని తిరగడానికి వాడిన డీజిల్ కారు ఒకటి ఈమధ్యే కొన్నాను. కొనేటప్పుడు మీటర్ బోర్డు మీద ఒక్క లైటూ లేదు. కొన్న కొద్ది రోజులకే, డబ్బాలో చుక్కలు పెట్టినట్టుండే పసుపు గుర్తు వెలిగింది. దాని వెనకే ఇంజన్ లైటు. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా బండి లాగడం మానేసింది. అమ్మినాయనకు ఫోన్ చేస్తే, ‘‘మా దగ్గరున్నన్నాళ్లూ ఎప్పుడూ రాలేదండీ’’ అన్నాడు. గ్యారేజీలో, కారు కంప్యూటర్ రాసుకున్న లోపాల కోడ్లు చదివే స్కానర్ పెడితే పి2463 అని వచ్చింది. ‘‘ఫిల్టరు మసితో నిండిపోయింది. కొత్తది వేయించుకోండి. అంత ఖర్చు ఎందుకంటారా, లోపలున్నది పీకేసి సాఫ్ట్‌వేర్‌లో ఆఫ్ చేసేస్తాం, ఇక ఆ లైటు జన్మలో రాదు’’ అన్నారు.

కరెంటు మితిమీరితే తనంతట తానే ఆగిపోయే స్విచ్చు, అంటే ఎంసీబీ, మాటిమాటికీ పడిపోతోందని దాన్ని తీసేసి నేరుగా తీగ కలిపేసేవాణ్ని మా పనిలో ఎవరూ నమ్మరు. ఇదీ అంతే. పైగా అది ఉత్త యంత్రం సంగతి కాదు. డీజిల్ పొగ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లోనే తేల్చింది. ఆ ఫిల్టరు పీకేసిన బండి వెనక పిల్లల్ని ఎక్కించుకుని వెళ్లే స్కూటర్లుంటాయి.

డీపీఎఫ్ (డీజిల్ పార్టిక్యులేట్ ఫిల్టర్) అనే ఈ ఫిల్టరు నిజానికి సన్నటి గదులున్న దిమ్మ. చాలా కార్లలో సిరామిక్‌దే ఉంటుంది. పక్కపక్క గదుల్లో ఒకదాని ముందు, ఒకదాని వెనక మూసేసి ఉండటంతో పొగ గోడల్లోంచి దూరి వెళ్లాల్సిందే, మసి ఇవతలే ఆగిపోతుంది. ఆ మసి ఒక మోతాదుకు చేరాక కారు కంప్యూటర్ అదనంగా డీజిల్ చిమ్మి, లోపలి వేడిని 600 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి తీసుకెళ్లి మసిని కాల్చేస్తుంది. దీన్నే రీజెనరేషన్ అంటారు. అది జరుగుతున్నట్టు చాలా కార్లు నడిపేవాడికి చెప్పవు. ఎందుకు చెప్పవో నాకిప్పటికీ అర్థం కాదు, ఒక చిన్న పచ్చ దీపం పెడితే ఏం పోయింది? నిలబడి ఉన్నప్పుడు ఇంజన్ కాస్త ఎక్కువ వేగంతో తిరగడం, మాడు వాసన, ఆపిన తర్వాత కూడా ఫ్యాను గట్టిగా తిరగడం, ఇవే గుర్తులు. అలాంటప్పుడు వీలైతే ఆపకుండా ఇంకాస్త దూరం నడపాలి. ఎండుగడ్డి మీద మాత్రం ఆపకూడదు.

ఇంజన్ వేడెక్కకముందే ప్రయాణం అయిపోయే బండిలో ఈ మంట మధ్యలోనే ఆగిపోతుంటుంది. కాలకుండా మిగిలిన డీజిల్ సిలిండరు గోడల వెంట జారి ఇంజన్ ఆయిల్లో కలుస్తుంది. నా కారులో ఆయిల్ మట్టం చూసే కడ్డీ, అదే డిప్‌స్టిక్, తీసి చూస్తే ఆయిల్ పై గీత దాటి ఉంది, డీజిల్ వాసన కూడా కొట్టింది. ఆయిల్ తగ్గితే భయపడతాం గానీ పెరిగితే ఎవరం పట్టించుకోం. పాత డీజిల్ కారు కొనబోయేవారు ముందు చూడాల్సింది ఈ గీతే, దానికి పైసా ఖర్చు లేదు.

ఇక నా కారు కథ. కోడ్ పేరు చూసి ఫిల్టరు మార్చేయడం నాకు నచ్చక, ఇంకో మెకానిక్ దగ్గర లైవ్ డేటా, అంటే సెన్సర్లు అప్పటికప్పుడు చెప్పే అంకెలు, చూపించమన్నాను. ఫిల్టరుకు ముందూ వెనకా ఒత్తిడిలో ఎంత తేడా ఉందో కొలిచి కంప్యూటర్‌కు చెప్పే సెన్సరు ఒకటి ఉంటుంది, దానికి రెండు సన్నటి గొట్టాలు వస్తాయి. ఇగ్నిషన్ ఆన్ చేసి ఇంజన్ స్టార్ట్ చేయకపోతే లోపల పొగే ప్రవహించదు కాబట్టి ఆ తేడా సున్నా దగ్గర ఉండాలి. నా కారులో ఇంజన్ ఆగి ఉన్నా అది ఒత్తిడి చూపిస్తూ కూర్చుంది! అంటే సెన్సరే ఎక్కువ చెబుతోంది. గొట్టాలు పగలలేదు, మూసుకుపోలేదు. సెన్సరు మార్చి, కొత్తదాన్ని స్కానర్‌తో కంప్యూటర్‌కు పరిచయం చేశాక మసి లెక్క సగానికి పైగా దిగింది. ఆయిల్ మార్పించి, ఖాళీ రోడ్డు మీద వేగం తగ్గించకుండా నడిపితే రీజెనరేషన్ మామూలుగా పూర్తయింది. ఫిల్టరు పాతదే, పనిచేస్తోంది.

అందరికీ ఇంత తేలిగ్గా తేలకపోవచ్చు. కొంత పొగను తిరిగి ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు ఇరుక్కున్నా, ఇంజన్ వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ తెరుచుకునే ఉండిపోయి ఇంజన్ వేడెక్కకపోయినా, చాలా కార్లలో ట్యాంకులో డీజిల్ బాగా తక్కువున్నా మసి కాల్చే పని మొదలే కాదు. ఆ కారణం పట్టుకోకుండా కొత్త ఫిల్టరు వేస్తే అదీ నిండుతుంది. ఫిల్టరు గుర్తు ఆగకుండా వెలుగుతుంటే లాంగ్ డ్రైవ్‌తో సరిపోవచ్చు. అది మిణుకుమిణుకుమంటున్నా, ఇంజన్ లైటు తోడైనా రోడ్డు మీద ప్రయోగాలు వద్దు. ఎంత కాల్చినా పోనిది ఇంజన్ ఆయిల్ నుంచి వచ్చే బూడిద. అందుకే ఇలాంటి కార్లకు బూడిద తక్కువ వచ్చే ఆయిల్, అంటే డబ్బా మీద ఏసీఈఏ (యూరప్ కార్ల తయారీదారుల సంఘం) ‘సి’ తరగతి అని ఉన్నది, మాన్యువల్‌లో చెప్పిన నంబరు చూసి పోయించాలి.

లైటు ఎప్పుడూ రాలేదన్న అమ్మినాయన మాట దగ్గరికి వస్తాను. కోడ్లు చెరిపేసిన తర్వాత బండి ఎంత దూరం తిరిగిందో చాలా కార్ల కంప్యూటర్లు లెక్క ఉంచుకుంటాయి, కారు సాకెట్‌కు తగిలించే మామూలు ఓబీడీ స్కానరుకు కూడా అది కనిపిస్తుంది. నా కారులో ఆ దూరం, నేను కొన్నాక తిరిగిన దూరం దాదాపు ఒక్కటే. కొన్ని బండ్లలో బ్యాటరీ తీగ విప్పినా ఇలాగే జరుగుతుంది కాబట్టి అబద్ధమని ముద్ర వేయను. అయినా తాళాలు చేతికిచ్చే ముందు అన్నీ శుభ్రంగా తుడిచిపెట్టిన బండిని చూస్తే అనుమానం రాక ఏమవుతుంది? చెరిపేశాక సొంత పరీక్షలు పూర్తి కాలేదని కూడా కంప్యూటర్ చూపిస్తుంది. అలా ఉంటే, కొంత దూరం నడిపి మళ్లీ చూపించమని అడగాలి. ఒప్పుకోకపోతే ఇంకో బండి చూసుకోవడమే.

ఫిల్టరు ముందే పీకేశారేమో తెలుసుకోవడానికి సైలెన్సరు చివర లోపలివైపు వేలితో తుడిస్తే చాలు. ఫిల్టరు సరిగ్గా ఉన్న బండిలో వేలికి పెద్దగా ఏమీ అంటదు. నల్లగా మసి అంటితే లోపల ఖాళీ అయినా అయ్యుండాలి, పగిలైనా ఉండాలి.

నీలి మూత ట్యాంకున్న కార్లలో యాడ్‌బ్లూ లైటు వేరే సంగతి. యాడ్‌బ్లూ అంటే పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించడానికి చిమ్మే, 32.5 శాతం యూరియా కలిపిన శుద్ధజలం. అయిపోవస్తుంటే ఇంకెన్ని కిలోమీటర్లో చూపిస్తుంది, అది సున్నాకు వచ్చాక ఇంజన్ ఆపితే మళ్లీ స్టార్ట్ కాదు. ఐఎస్ఓ 22241 అని రాసున్నదే పోయాలి. పొలానికి వాడే యూరియా నీళ్లలో కలిపి పోద్దామనుకోవద్దు. యాడ్‌బ్లూ పొరపాటున డీజిల్ ట్యాంకులో పడితే ఇగ్నిషన్ కూడా ఆన్ చేయకుండా మెకానిక్‌ని పిలవాలి.

మీ సూచనల పట్టికలో డిప్‌స్టిక్ గీత, సైలెన్సరు మసి, కోడ్లు చెరిపాక తిరిగిన దూరం, ఈ మూడూ చేర్చమని మనవి. పాత కార్ల ప్రకటనలు మీ పత్రికలోనే వస్తుంటాయి కాబట్టి, డీజిల్ బండి అమ్మేవారు స్కానర్ రిపోర్టు ప్రింటు తీసి చూపించాలని ఆ ప్రకటనల పక్కనే ఒక గమనిక వేస్తే ఇంకా బాగుంటుంది.

ఇట్లు,
మీ పాఠకుడు