అలాట్‌మెంట్ ఆర్డరు నా చేతిలో, ఒరిజినల్స్ వారి బీరువాలో: వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రివర్యులకు నమస్కరించి రాయునది.

నేను ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాలలో బీజడ్‌సీ (వృక్ష, జంతు, రసాయన శాస్త్రాలు) చదువుతున్న విద్యార్థినిని. బీఎస్సీ నర్సింగ్‌లో చేరాలని నేను చేస్తున్న ప్రయత్నం ఇది రెండోది. నిరుడు సీటు వచ్చినా, డిగ్రీ కళాశాల నా ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వకపోవడంతో చేరలేకపోయాను. ఈ విషయమై కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో మూడు సోమవారాలు వరుసలో నిలబడి మూడు అర్జీలు ఇచ్చాను. మీ కార్యాలయానికి స్పీడ్ పోస్టులో రెండు ఉత్తరాలు పంపాను. మొదటి అర్జీకి ఇది ఉన్నత విద్యా శాఖకు సంబంధించిన విషయమని జవాబు వచ్చింది. రెండో అర్జీకి ఇది విశ్వవిద్యాలయం చూడవలసిన విషయమని వచ్చింది. మూడో అర్జీ ఇచ్చిన పన్నెండో రోజున నా ఫోనుకు 'మీ అర్జీ పరిష్కరించబడినది' అని ఒక సందేశం వచ్చింది. నా సమస్య పరిష్కారమైపోయిందన్న సంగతి ఆ సందేశం చదివేదాకా నాకు తెలియదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను. ఇందులో ఎక్కడైనా మాట తూలితే, అది మీ పట్ల అగౌరవంతో కాక ఏడాదిగా తిరిగిన అలసటతో వచ్చిందని భావించి మన్నించవలసిందిగా కోరుతున్నాను.

డిగ్రీ ప్రవేశాలు ఆన్‌లైన్‌లో జరిపే దోస్త్ గురించి, ప్రభుత్వ కౌన్సెలింగ్‌తో నింపే కన్వీనరు కోటా గురించి, మా ఫీజును కళాశాలలకు ప్రభుత్వమే కట్టే ఫీజు రీయింబర్స్‌మెంట్ గురించి మీకు నేను వివరించనక్కరలేదు. అవన్నీ మీ ప్రభుత్వం నడిపేవే. అయితే అవి ఒకదాని తర్వాత ఒకటి ఏ వరుసలో మా ఇంటి గుమ్మం తొక్కుతున్నాయో మాత్రం మీకు తెలియదని నా అనుమానం.

నిరుడు మే నెలలో ఇంజినీరింగ్‌తో పాటు నర్సింగ్ సీట్లకూ ర్యాంకు ఇచ్చే ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ రాశాను, ర్యాంకు వచ్చింది. ఇంజినీరింగ్ వారికి ర్యాంకులు వచ్చిన కొద్ది రోజులకే కౌన్సెలింగ్ తేదీలు వెలువడ్డాయి, వారు జూలైకల్లా కళాశాల పేరు చెప్పుకోగలిగారు. డిగ్రీలో చేరేవారికి దోస్త్ విడతలు మొదలయ్యాయి. నర్సింగ్ వారికి మాత్రం ఏమీ రాలేదు. నర్సింగ్ కౌన్సెలింగ్ నడిపే ఆరోగ్య విశ్వవిద్యాలయం హెల్ప్‌లైన్‌కు ఫోను చేసిన ప్రతిసారీ 'త్వరలో' అన్న ఒకే మాట వినిపించింది. వెనకటికి మా పల్లెల్లో తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసేవారని మా నాయనమ్మ చెబుతుంది. ఆ తలుపు కొట్టినవారికి ప్రతిరోజూ అదే జవాబు. జూన్ గడిచి, జూలై గడిచి, దోస్త్ చివరి విడత కూడా ముగుస్తుంటే, నర్సింగ్ రాకపోతే ఏడాదంతా ఇంట్లో కూర్చోవలసి వస్తుందని భయపడి మా అమ్మా నేనూ బీజడ్‌సీ సీటుకు ఒప్పుకున్నాం. చేరిన రోజునే పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, టీసీ, ఆరు నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, కుల ధ్రువీకరణ పత్రం, అన్నీ ఒరిజినల్స్ తీసుకొని ఒక ఫైలులో పెట్టి ట్యాగు కట్టారు.

నర్సింగ్ కౌన్సెలింగ్ నోటిఫికేషన్ ఆగస్టు దాటాక వచ్చింది. ఆన్‌లైన్‌లో పత్రాల పరిశీలన, తుది మెరిట్ జాబితా, వెబ్ ఆప్షన్లు అన్నీ అయి నాకు సీటు కేటాయిస్తూ సందేశం వచ్చేసరికి నవంబరు చివరి వారం. డిగ్రీ మొదటి సెమిస్టరు పరీక్షలు సరిగ్గా అప్పుడే మొదలయ్యాయి. సీటు వచ్చింది ప్రభుత్వ నర్సింగ్ కళాశాలలో. రిపోర్టు చేయడానికి ఇచ్చిన గడువు నాలుగు రోజులు, అందులో ఒకటి ఆదివారం. రిపోర్టు చేయాలంటే ఒరిజినల్స్ చూపించాలి.

ఆ తర్వాత జరిగినది మీరు కాస్త ఓపికగా చదవాలని ప్రార్థిస్తున్నాను, ఎందుకంటే ఈ లేఖ రాయడానికి కారణం అదే. సోమవారం ఉదయం వృక్షశాస్త్రం పరీక్ష రాసి తిన్నగా కళాశాల ఆఫీసుకు వెళ్లాను. గుమస్తా గారు కాదనలేదు. బీరువా తెరిచారు, నా ఫైలు బయటికి తీశారు, ట్యాగు ముడి కూడా విప్పారు. ప్లాస్టిక్ కవరులో నా ఇంటర్ మెమో నాకు కనిపిస్తోంది, దాని మూలన అమ్మ వేలి పసుపు మరక కూడా కనిపిస్తోంది. ఆయన లెక్కల యంత్రం దగ్గరికి లాక్కుని, నేను మానేస్తే నా పేరు మీద రావలసిన రీయింబర్స్‌మెంట్ పోతుంది కనుక మిగిలిన రెండేళ్లకు ఏడాదికి 18 వేల చొప్పున 36 వేలు, లైబ్రరీకి, ల్యాబుకు కలిపి మరో 6 వేలు, మొత్తం 42 వేలు కడితే ఇప్పుడే ఇచ్చేస్తానని చెప్పారు. విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లు కళాశాలలు తమ దగ్గర ఉంచుకోకూడదని, కట్టిన ఫీజు ఎలా తిరిగి ఇవ్వాలో కూడా చెబుతూ విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018లో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రతిని నేను తీసుకువెళ్లాను. ఆయన దాన్ని రెండు వైపులా తిప్పి చూసి, 'ఇది ఢిల్లీ కాగితం తల్లీ, ఇక్కడ మా సార్ మాట నడుస్తుంది' అని, ట్యాగు మళ్లీ ముడి వేసి, ఫైలు బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆయన మీద నాకు కోపం లేదు, ఆయన జీతం కూడా నెలల తరబడి ఆగిందని అక్కడే ఒకరు చెప్పారు. ప్రభుత్వం నుంచి రావలసిన బకాయి రాక కళాశాల వారు మా కాగితాలను తాకట్టు సరుకుగా చూస్తున్నారు. అప్పు ప్రభుత్వానిది, తాకట్టు నాది. ఇందులో న్యాయం ఏమిటో మీరే సెలవివ్వాలి.

మా అమ్మ మీ శాఖలోనే ఆశా కార్యకర్త. 42 వేలంటే ఆమెకు నాలుగు నెలల పైచిలుకు పారితోషికం, అదీ నెలనెలా ఆగకుండా వస్తే. ఆమె ఆ సాయంత్రం సర్వే రిజిస్టరు సంచిలో పెట్టుకునే కళాశాలకు వచ్చి ప్రిన్సిపాల్ గారి గది ముందు రెండు గంటలు నిలబడింది. మంగళవారం మా చిన్నాన్న అప్పు కోసం ముగ్గురిని అడిగాడు. బుధవారం నేను నర్సింగ్ కళాశాలకు జిరాక్స్ ప్రతులు, అలాట్‌మెంట్ ఆర్డరు పట్టుకుని వెళ్లి, వారం గడువు ఇస్తే ఒరిజినల్స్ తెస్తానని రాతపూర్వకంగా కోరాను. వారు మంచిగానే మాట్లాడారు, కానీ పోర్టల్ సాయంత్రం నాలుగు గంటలకు మూసుకుంటుందని, తమ చేతిలో ఏమీ లేదని అన్నారు. నాలుగు గంటల ఐదు నిమిషాలకు ఆ కళాశాల గేటు బయట బస్సు కోసం నిలబడి ఉన్నాను.

తర్వాతి విడతలో ఖాళీ సీట్ల జాబితా వచ్చింది. అందులో నా సీటు నాకు కనిపించింది. ఎన్నో ఏళ్లుగా నర్సింగ్ సీట్లు మిగిలిపోతున్నాయని, అందుకే భారత నర్సింగ్ మండలి ప్రవేశాల గడువును పొడిగిస్తూ వస్తోందని అధికారులు చెబుతుంటారు. మిగిలిన సీట్లలో ఎన్ని, పిల్లలు వద్దనుకున్నవి కాక, పిల్లల కాగితాలు మరొక చోట తాళం కింద ఉండి మిగిలినవో ఒకసారి లెక్క తీయించగలరా? గడువు పొడిగించే కొద్దీ షెడ్యూలు ఇంకా వెనక్కి జరుగుతుంది, అది జరిగే కొద్దీ మరింతమంది డిగ్రీలో ఇరుక్కుంటారు, సీట్లు ఇంకా మిగులుతాయి, మళ్లీ గడువు పొడిగిస్తారు.

అంతగా అయితే నర్సింగ్ డిప్లొమా అయిన జీఎన్‌ఎం చేయవచ్చు కదా అని హెల్ప్‌లైన్‌లో ఒకరు సలహా ఇచ్చారు. సలహాకు ధన్యవాదాలు. జీఎన్‌ఎం చదివినవారు నాకు పూజ్యులే, నాకు ఈ దారి చూపించినది కూడా అటువంటి ఒక సిస్టరే. కానీ ఎయిమ్స్ వారి నర్సుల నియామక పరీక్ష నార్‌సెట్ రాయాలంటే బీఎస్సీ వారిని అనుభవం అడగరు, జీఎన్‌ఎం వారిని రెండేళ్ల అనుభవం అడుగుతారు. తర్వాత బీఎస్సీ స్థాయికి రావాలంటే పోస్ట్ బేసిక్ చదువు మరో రెండేళ్లు. అర్హత, ర్యాంకు, సీటు మూడూ ఉన్నదానిని, కాగితం లేదన్న కారణంతో ఒక మెట్టు దిగి చదువుకొమ్మనడం సలహా ఎలా అవుతుంది?

ఆ సిస్టరు సంగతి కూడా రెండు ముక్కల్లో చెబుతాను. ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉండగా, మా వాడకట్టులో ఒక గర్భిణిని అర్ధరాత్రి 108లో ఏరియా ఆసుపత్రికి తీసుకువెళుతూ అమ్మ నన్ను కూడా వెంటబెట్టుకుంది. లేబర్ రూములో స్టాఫ్ నర్సు ఒక అరచేతిని ఆ గర్భిణి పొట్టపై ఆనించి, రెండో చేతికున్న గడియారం వైపు చూస్తూ, పది నిమిషాలకు ఎన్ని నొప్పులు వస్తున్నాయో మాటా పలుకూ లేకుండా లెక్కపెట్టింది. పక్క మంచం మీద మరొకామె అరుస్తున్నా ఆ చెయ్యి కదలలేదు. నేను బైపీసీ చదివినందుకు డాక్టరు కాలేక నర్సింగ్ అడుగుతున్నానని బంధువులు అనుకుంటారు. నాకు కావలసింది ఆ చెయ్యి.

ఇక ఏజెంట్ల సంగతి. ఈఏపీసెట్ ర్యాంకులు వచ్చిన మూడో రోజుకే నా ఫోను నంబరు వారికి ఎలా చేరిందో తెలియదు కానీ, బెంగళూరులో సీటు ఉంది, ర్యాంకుతో పని లేదు, హాస్టలుతో సహా ప్యాకేజీ అంటూ రోజుకు రెండు ఫోన్లు వచ్చేవి. మన రాష్ట్ర కౌన్సెలింగ్ ఎప్పుడు మొదలవుతుందో కూడా వారే చెప్పారు, వారు చెప్పిన నెలే నిజమైంది. కాబట్టి షెడ్యూలు విషయంలో మీ హెల్ప్‌లైన్ కంటే ఆ ఏజెంట్ల సేవలు మెరుగ్గా ఉన్నాయని సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

పరీక్ష గురించి కూడా ఒక మాట. 2021లో గెజిట్‌లో వచ్చిన నర్సింగ్ మండలి నిబంధనల ప్రకారం ప్రవేశ పరీక్షలో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలతో పాటు ఇంగ్లిషుకు 20, నర్సింగ్ అభిరుచికి 20 మార్కులు ఉండాలి. తెలుగు మాధ్యమంలో పది దాకా చదివినదాన్ని కనుక ఆ ఇంగ్లిషు కోసం ఆరు నెలలు విడిగా కష్టపడ్డాను. మేము రాసిన ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలు, సగం జీవశాస్త్రం, మిగతా సగం ఫిజిక్సు, కెమిస్ట్రీ. ఇంగ్లిషూ లేదు, అభిరుచీ లేదు. ఇది నా ప్రధాన ఫిర్యాదు కాదు, ఆ ఇంగ్లిషు ఎక్కడికీ పోలేదు. కానీ నిబంధనలో రాసిన పరీక్షను పక్కన పెట్టగలిగిన వ్యవస్థ, నాలుగు గంటల ఐదు నిమిషాలకు పోర్టల్ తెరవడానికి మాత్రం నిబంధన ఒప్పుకోదనడం వింతగా అనిపించింది.

ఈ ఏడాది మళ్లీ రాశాను. నిరుటి కంటే మెరుగైన ర్యాంకే వచ్చింది. ఈ ఉత్తరం రాస్తున్న నాటికి ఇంజినీరింగ్ వారికి తరగతులు మొదలయ్యాయి, నర్సింగ్ షెడ్యూలు ఇంకా రాలేదు. డిగ్రీ రెండో సంవత్సరం మొదలైంది. ట్యాగు కట్టిన ఆ ఫైలు అదే బీరువాలో, అదే అరలో ఉంది. గుమస్తా గారి లెక్క ప్రకారం ఇప్పుడు ఒక ఏడాది తగ్గి 24 వేలు కట్టాలి. అంటే నేను ఎంత ఆలస్యం చేస్తే అంత చవకగా బయటపడతాను. ఆఖరి సెమిస్టరు దాకా ఆగితే ఉచితంగానే ఇస్తారు కాబోలు.

ప్రతి సంవత్సరం మే 12న నర్సుల దినోత్సవం నాడు మీరు కొవ్వొత్తి వెలిగించి, నర్సులు ఆరోగ్య వ్యవస్థకు వెన్నెముక అని చెబుతారు. ఆ మాట నిజమని నమ్మేవాళ్లలో నేనూ ఒకదాన్ని. ఆ వెన్నెముకలో చేరడానికి సిద్ధంగా ఉన్నవారికి ఏ నెలలో తలుపు తీస్తారో చెప్పమని మాత్రమే అడుగుతున్నాను. ఈఏపీసెట్ ర్యాంకులతో పాటే నర్సింగ్ కౌన్సెలింగ్ తేదీలు కూడా ప్రకటించండి. తేదీలు ప్రకటించడం కుదరకపోతే, కనీసం దోస్త్ చివరి విడత లోపల మొదటి విడత అలాట్‌మెంట్ పూర్తి చేయండి. అదీ కుదరకపోతే, అలాట్‌మెంట్ ఆర్డరు చూపించిన విద్యార్థికి ఒరిజినల్స్ ఆ రోజే ఇచ్చి తీరాలని, బకాయిల సంగతి ప్రభుత్వమూ కళాశాలలూ తేల్చుకోవాలని ఒక జీవో ఇవ్వండి. అది కూడా మీ పరిధిలో లేదంటే, ఎవరి పరిధిలో ఉందో వారి పేరు, గది నంబరు చెప్పండి, నేనే వెళతాను. నా వంటివారు మా తరగతిలోనే మరో నలుగురు ఉన్నారు, వారూ వస్తారు. దయచేసి తేదీలు ప్రకటించండి.

ఈ లేఖతో పాటు ఈఏపీసెట్ ర్యాంకు కార్డు, నిరుటి అలాట్‌మెంట్ ఆర్డరు, మూడు ప్రజావాణి రసీదులు, 'పరిష్కరించబడినది' అన్న సందేశం ప్రింటు జతచేస్తున్నాను. అన్నీ జిరాక్సులే. ఒరిజినల్స్ పరిశీలించాలని మీ కార్యాలయం కోరితే అవి ఏ బీరువాలో ఉన్నాయో పైన రాశాను. తాళంచెవి గుమస్తా గారి దగ్గర ఉంటుంది.

భవదీయురాలు,
బీజడ్‌సీ ద్వితీయ సంవత్సరం విద్యార్థిని